జాగ్రత్త: ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’కు పైసలు కట్టేముందు ఈ పరీక్ష పెట్టండి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు తల్లిదండ్రులకు: పిల్లల మిడ్‌బ్రెయిన్‌ను ‘తెరిపిస్తాం’, ఒక్కసారి చదివితే మర్చిపోరు అంటూ వేలల్లో ఫీజు గుంజే శిబిరాలకు పైసలు కట్టకండి.

వాళ్లు చూపించేది కళ్లకు గంతలు కట్టి రంగులు చెప్పించడం, పేపర్ చదివించడం. ముక్కు పక్కన గంతకూ చెంపకూ మధ్య సందు ఉంటుంది. తల కాస్త పైకెత్తితే అందులోంచి కిందున్నది కనిపిస్తుంది. అందుకే కార్డు ఛాతీ దగ్గరే ఉంటుంది. ఆ కార్డు మీరు తీసుకుని నుదుటికి ఎదురుగా, ఎత్తులో పట్టుకోండి. లేదంటే గంత కింద, ముక్కు కొసకు ఆనేటట్టు అడ్డంగా ఒక అట్ట పెట్టండి. చదవడం ఆగిపోతుంది. అప్పుడు పిల్లల్ని మాత్రం తిట్టొద్దు. అంతమంది చప్పట్లు కొడుతుంటే సందులోంచి చూస్తున్నానని ఏ పిల్ల చెప్పగలదు?

మిడ్‌బ్రెయిన్ అంటే మెదడు కింది కాడలో సుమారు 2 సెంటీమీటర్ల భాగం. కంటి కదలికలు, చప్పుడు వైపు చటుక్కున తిరగడం వంటివి దాని పనులు. అది పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటుంది, ఎవరూ తెరవాల్సింది లేదు. కొత్త జ్ఞాపకం తయారవడానికి కావాల్సింది కణతల లోపలివైపు చెరొకటిగా ఉండే హిప్పోక్యాంపస్. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గాలని హెన్రీ మొలైసన్‌కు ఆపరేషన్ చేసి, రెండు వైపులా దానిలో చాలా భాగం తీసేశారు. మిడ్‌బ్రెయిన్ జోలికి పోలేదు. అయినా ఆ తర్వాత కలిసిన మనుషులు ఆయనకు గుర్తుండలేదు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పేవాడు. పాతబడిన జ్ఞాపకాలు చాలావరకు మెదడు పైపొర కార్టెక్స్‌లో నాడీకణాల అనుసంధానాలుగా నిలిచి ఉంటాయి గనుక.

చదివింది పరీక్షలో గుర్తురావాలంటే, గుర్తుతెచ్చుకోవడమే సాధన చేయించాలి. ఒక పేజీ చదివాక పుస్తకం మూసి, గుర్తున్నంత రాయించండి. తప్పినవి మాత్రమే మళ్లీ చూడాలి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత మరోసారి ఇదే పని. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాలకు పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, వారం తర్వాత మాత్రం చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. రాత్రి నిద్ర తగ్గించొద్దు, పగటి పాఠం గట్టిపడేది అప్పుడే.

ఇప్పటికే కట్టేసి ఉంటే రసీదు, కరపత్రం, వాట్సాప్ మెసేజ్‌లు దాచిపెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా ఉండదు.