బిల్టీ మీద ఒక లారీ, ఇంటి ముందు మరో లారీ

గత ఆషాఢంలో మా కుటుంబం హైదరాబాదు కూకట్‌పల్లిలోని రెండు పడకగదుల అద్దె ఇంటి నుంచి విశాఖపట్నం మధురవాడకు మారింది. సామాను చేరవేసే పని అప్పగించిన ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థ సేవ ఎలా ఉన్నదో ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఈ వ్యాపారంలో ఒకే పేరును ఒక అక్షరం అటూ ఇటూ చేసి నలుగురైదుగురు వాడుకుంటారు కనుక, నేను ఒకరిని మెచ్చుకుంటే ఫోన్లు మరొకరికి వెళతాయి. తప్పు పట్టినా అంతే.

ఆషాఢంలో ఇల్లు మారడమేమిటని మేనత్తగారు అభ్యంతరం చెప్పారు గాని, అద్దె ఇల్లే కదా, శ్రావణంలో పాలు పొంగించుకుందామని నాన్నగారు సర్దిచెప్పారు. ఆ నెలలో ఇళ్లు మారేవారు తక్కువ, లారీలు ఖాళీగా ఉంటాయని సంస్థ ప్రతినిధే ఒప్పుకుని, మొదట చెప్పిన 38,000 రూపాయల నుంచి 3,000 తగ్గించాడు. అంతకుముందు మరో సంస్థ ఫోనులోనే 24,000 చెప్పింది. అటక మీద ఏముందో, బాల్కనీలో ఎన్ని కుండీలు ఉన్నాయో అడగకుండా చెప్పిన ధర సామాను ఎక్కించాక అక్కడే ఆగదని అనిపించి దాన్ని వదిలేశాను. మేము ఎంచుకున్న సంస్థ మనిషి ఇంటికి వచ్చి, మంచాల కింద కూడా వంగి చూసి, గంటసేపు జాబితా రాసుకున్నాడు. నాకు నమ్మకం కలిగింది అక్కడే.

అంచనా కాగితంలో మాత్రం రెండు అంశాలు నచ్చలేదు. మొదటిది ‘బార్డర్ ఖర్చులు’ 1,500. 2017లో జీఎస్‌టీ వచ్చిన తరువాత సామానుపై పన్ను వసూలు చేసే చెక్‌పోస్టులు ఎత్తివేశారు. పైగా వాడిన గృహోపకరణాలకు సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు కూడా అక్కరలేదు. ఈ మాట అనగానే ప్రతినిధి మారు మాట్లాడకుండా ఆ వరుస కొట్టివేశాడు. రెండవది బీమా. మేము చెప్పిన మూడు లక్షల విలువపై మూడు శాతం, అంటే 9,000 రూపాయలు, ‘ఎఫ్‌ఓవీ’ (ఫ్రైట్ ఆన్ వాల్యూ, అంటే సామాను విలువను బట్టి రవాణాదారు వేసే రుసుము) పేరుతో వేశారు. పాలసీ నకలు అడిగితే, ‘మా కంపెనీయే బాధ్యత తీసుకుంటుంది సార్’ అన్నాడు. రవాణాదారు తన మాట మీద ఇచ్చే హామీ వేరు, బీమా కంపెనీ ఇచ్చే ట్రాన్సిట్ పాలసీ వేరు. చాలామంది మొదటిదానికి డబ్బు కట్టి రెండవది కొన్నామనుకుంటారు. పట్టుబట్టిన మీదట 4,500కు అసలైన పాలసీ తీయించి, మరునాడు ధ్రువపత్రం పంపారు. 18 శాతం జీఎస్‌టీ 6,300తో కలిపి మొత్తం 45,800 అయింది. బిల్లు వద్దంటే ఆ 6,300 మిగులుతుందని కూడా సూచించారు గాని, బిల్లు లేనివాడు రేపు నష్టపరిహారం ఏ కాగితం చూపి అడగాలి?

ప్యాకింగ్ మాత్రం మెచ్చుకోదగినది. శుక్రవారం ఉదయం ఎనిమిదికి నలుగురు కుర్రవాళ్లు, ఒక సూపర్‌వైజరు వచ్చారు. గాజు సామాను ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, పళ్లేలను పడుకోబెట్టకుండా నిలువుగా పేర్చారు. నిలువుగా ఉంటే పైబరువు వాటి మీద పడదని చెప్పాడు అందులో అందరికంటే చిన్నవాడు. మంచాల నట్లు విప్పి, ఏ మంచానివి ఆ మంచానికే సంచీలో కట్టారు. అమ్మ ఇత్తడి బిందెలను ఒకదానిలో ఒకటి దూర్చబోగా ఆమె వద్దన్నారు. వారు విసుక్కోకుండా వేరువేరుగా చుట్టారు. మధ్యాహ్నం మూడింటికి 63 అంశాలకు నంబర్లు పడ్డాయి.

వారు తీసుకోనివి కొన్ని ఉన్నాయి. వాటి సంగతి ముందే తెలిస్తే మేలు. గ్యాస్ సిలిండరు లారీలో ఎక్కించరు. దాన్ని, రెగ్యులేటరును వారం ముందే డీలరుకు అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, వోచరు పుచ్చుకున్నాము. దాన్ని చూపే విశాఖలో కొత్త కనెక్షన్ తీసుకున్నాము. ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, మంచు కరిగించి, తుడిచి ఉంచాము. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌కు కొన్ననాడు విప్పిన రవాణా బోల్టులు వెనుక బిగించాలి, లేకుంటే డ్రమ్ము దారిపొడవునా ఊగుతుంది. నాలుగేళ్లుగా ఏ డబ్బాలో ఉన్నాయో తెలియని ఆ బోల్టులను వెతకడానికే మాకు ఒక సాయంత్రం పట్టింది. ఇక ఆవకాయ. కొత్తగా పెట్టిన జాడీలు రెండింటినీ చూసి సూపర్‌వైజరు, ‘నూనె ఉన్నవి మేం ఎక్కించం అమ్మా, ఒలికితే పరుపులన్నీ పాడవుతాయి’ అన్నాడు. అమ్మ వాసెన గట్టిగా బిగించి కట్టి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తన బెర్తు కిందే పెట్టుకుని తీసుకువచ్చారు.

మేము ప్రత్యేకంగా పద్నాలుగు అడుగుల కంటైనరు మాట్లాడుకున్నాము. ఇతరుల సామానుతో కలిపి పంపే పార్ట్ లోడు చవకే అయినా, అందులో సామాను దారిలో దించి మళ్లీ ఎక్కిస్తారని దాన్ని కాదనుకున్నాము. ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారి: సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ, అక్కడి నుంచి రాజమహేంద్రవరం, తుని, అనకాపల్లి దాటి విశాఖ. ఆదివారం ఉదయం చేరాలి. సోమవారం మధ్యాహ్నం చేరింది. ఆలస్యం కంటే నన్ను కలవరపెట్టినది బండి. బిల్టీ, అంటే సామాను అప్పగించినప్పుడు రవాణాదారు ఇచ్చే రసీదు, దాని మీద రాసిన నంబరు వేరు, వీధిలో ఆగిన లారీ నంబరు వేరు. అడిగితే, మొదటి బండి విజయవాడ దగ్గర చెడిపోయిందని, గోదాములో సామాను మార్చామని చెప్పారు. చెడిపోవడం ఎవరి చేతిలోనూ లేదు. ఆ సంగతి మాకు ఫోనులో చెప్పడం మాత్రం వారి చేతిలో ఉన్న పనే.

63 అంశాలూ వచ్చాయి. బీరువా కాలు ఒకటి వంగింది, చెక్క దేవుడి మందిరం శిఖరం విరిగింది. కూకట్‌పల్లిలో అంత శ్రద్ధగా చుట్టిన చుట్ట గోదాములో ఎవరి చేతిలో పడిందో! దించిన వెంటనే, ‘సామాను సక్రమంగా అందింది’ అని అచ్చువేసిన కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఆ రెండు నష్టాలను, బండి మారిన సంగతిని దాని మీదే రాసి, ఫోటోలు తీసి, ఆ తరువాతే సంతకం చేశాను. డ్రైవరు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గాని అడ్డుచెప్పలేదు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా లిఖితపూర్వకంగా నోటీసు ఇస్తే తప్ప రవాణాదారుపై దావా వేయడానికి వీలుండదు. కనుక ఆ వారమే నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

బీమా కంపెనీ మొట్టమొదట అడిగినది పాలసీలో ఉన్న బండి నంబరు ఎందుకు మారిందని. దానికి సంస్థ ఇవ్వవలసిన లేఖ కోసం పదకొండు సార్లు ఫోను చేశాను. లేఖ రాలేదు గాని, ముప్పై నాలుగో రోజున సంస్థే వడ్రంగి బిల్లు 3,400కు గాను 2,800 నా ఖాతాలో వేసింది. మిగిలిన 600 కోసం పన్నెండవసారి ఫోను చేయలేదు. ప్యాకింగ్ చేసిన ఆ నలుగురు కుర్రవాళ్లు స్వయంగా వస్తామంటే, దారిలో బండి మార్చబోమని కాగితం మీద రాసిస్తేనే, ఇదే సంస్థను మళ్లీ పిలుస్తాను.