కోరింగ మడ అడవికి పాటు వేళ వెళ్లండి

31 ఏళ్లు లాకుల దగ్గర, పంట కాలువల గట్ల మీద తిరిగి రిటైరైనవాణ్ణి. కాలువ కనబడితే దాని వాలు చూడకుండా ఉండలేను. అందుకే కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి మీద రాస్తున్న ఈ సమీక్షలో పిట్టల కంటే బురద ఎక్కువ ఉంటుంది.

మొదటిసారి ఆదివారం మధ్యాహ్నం, నిండు పోటు మీద, అంటే సముద్రపు నీరు బాగా లోపలికి ఎక్కిన వేళ వెళ్లాం. తప్పు నాదే. డెల్టాలో పుట్టి పోటూ పాటూ చూసుకోకుండా బయలుదేరాను. పడవలో ఎటు చూసినా నీళ్లు, పైన చెట్ల తలలు. మా ఆవిడ "ఇంతేనా అండీ?" అంది. అయితే పడవ నడిపే అబ్బాయి ఒక పాయ పక్కన ఆపి చూపించిన పిల్ల కాలువలు మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు.

ఒకప్పుడు చెట్లు నరికిన చోట ఎండకు నేల కుంగి పళ్లెంలా తయారవుతుంది. పోటుకు వచ్చిన ఉప్పునీరు వెనక్కి పోలేక అక్కడే ఆవిరై, మడ మొక్క కూడా బతకలేనంత ఉప్పు మిగులుతుంది. అలాంటి చోట చేప ముల్లులా మధ్యలో ఒక పెద్ద కాలువ, రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వుతారు. అడుగు సన్నం, పైన వెడల్పు. రోజూ నీరు వచ్చి పోతుంటే ఉప్పు తగ్గుతుంది, వాలు మీద నాటిన మొక్క నిలబడుతుంది. ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా తూములు బిగించడమే నా ఉద్యోగమంతా. ఇక్కడ దాన్ని పిలిచి మరీ లోపలికి తెచ్చుకుంటున్నారు!

రెండోసారి బుధవారం పొద్దున్నే, పాటు మీద, అంటే నీరు వెనక్కి తీసిన వేళ వెళ్లాం. చెక్క నడకదారి చాలు, పడవ అక్కరలేదు. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు ఊపిరి వేర్లు. కళ్లు నెత్తిన పెట్టుకున్న ఒక బురద చేప రెక్కల మీద కుంటుతూ వేరెక్కి, జారి పడి, మళ్లీ ఎక్కింది. మా ఆవిడ పావుగంట కదలలేదు. రాలిన మడ ఆకు ఒకటి తీసి నాలుకకు తాకించాను, ఉప్పన. చెట్టు తాను తాగిన ఉప్పును ఆకుల్లోంచి కక్కేస్తుంది. ఇదే ధైర్యం తిల్ల చెట్టు దగ్గర చేయకండి, దాని పాలు కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు.

1978 నుంచి అభయారణ్యం, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి బావురుపిల్లి (చేపలు పట్టి తినే అడవి పిల్లి) రాత్రి వేటగత్తె, పగలు కనబడుతుందని పిల్లలకు మాట ఇవ్వకండి. నీటికుక్కలైనా మాకు దక్కలేదు. ముందు నడుస్తున్న బృందం ఫోనులో పాటలు పెట్టుకుంది మరి.

ఐదుకు నాలుగున్నర. మనవణ్ణి తీసుకుని మళ్లీ వెళ్తాను, ఈసారి క్యాలెండరులో తిథి చూసుకుని. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా వెనక్కి లాగుతుంది. ఆ కాలువల్లో పూడిక ఎన్నాళ్లకోసారి తీస్తారో కూడా ఆ పడవ అబ్బాయిని అడగాలి.