ఏటి వైపు అద్దాల తలుపు: ఆరేళ్ల వాడకం తర్వాత

మా ఇల్లు ఏటిగట్టుకీ వశిష్ఠ గోదావరికీ మధ్యన ఉంది. పాత పెంకుటిల్లు. 2019లో బాగు చేయించినప్పుడు హాలుకీ వెనక వసారాకీ మధ్య గోడ తీయించేసి, పైన ఇనుప దూలం వేయించి, పన్నెండు అడుగుల మేర నాలుగు రెక్కల అద్దాల జరుపుడు తలుపు పెట్టించాం. లోపలా బయటా ఒకే నాపరాయి, ఒకే మట్టం. గడప లేదు. "గడప లేని గుమ్మం ఏంట్రా, పసుపు ఎక్కడ రాయను?" అని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తలుపు తీసి కూర్చుంటే లంక మీంచి వచ్చే గాలి నేరుగా వంటింటి దాకా పోయేది. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ మీరూ ఇలాగే చేయించుకోండని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం మార్చుకోవాలి.

నా కోపం తలుపు మీద కాదు, దాని కింద గాడి మీద. గడప రాకూడదని ట్రాక్‌ని రాతిలోకి దింపేశారు, తలుపుల బరువంతా కింద రోలర్ల మీదే. ఇసుక పడితే కిర్రుమనేది, ఊడిస్తే పోయేది, పట్టించుకోలేదు.

2022 జూలైలో వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆసారి 25 లక్షలు దాటింది. అద్దాల మీద నీటి ఒత్తిడి పడకూడదని రెండు రెక్కలు తెరిచే ఉంచి, సామాన్లు అటకెక్కించి, గట్టు అవతల అత్తగారింటికి వెళ్లిపోయాం. నీళ్లు తీస్తున్నాయని తెలిసి పడవలో వచ్చి చూస్తే హాల్లో ఇంకా మోకాలి లోతు ఉంది. తీసే నీళ్లతోనే ఒండ్రు తోసేయాలి, ఆరిందంటే పార దిగదు. ఆరడుగుల ఖాళీ ఉండబట్టి మధ్యాహ్నానికల్లా హాలంతా తోసేశాం, పక్కింటి వాళ్లకి ఒక్క గుమ్మంలోంచి తోయడానికి రెండు రోజులు పట్టింది. ఈ లాభం నేను అనుకోనిది.

గాడి సంగతి ఎవరికీ తట్టలేదు. మూడో రోజుకి అందులో ఒండ్రు సిమెంటులా బిగిసిపోయింది. స్క్రూడ్రైవరు, దబ్బనం, పాత టూత్‌బ్రష్షు పట్టుకుని నాలుగు రోజులు నేల మీద బోర్లా పడుకుని గీకాను. గీకిన చోట నీళ్లు పోస్తే మళ్లీ బురదై ఇంకాస్త లోపలికి జారేది. చివరికి నలుగురం పట్టి రెక్కలు పైకెత్తి తీస్తే బేరింగులు తుప్పుపట్టి తిరగడం మానేశాయి. బిగించినవాళ్లని అడిగితే వరదకి వారంటీ లేదన్నారు.

సంక్రాంతికి తలుపులు పైనుంచి వేలాడేలా మార్పించాం. దూలం గట్టిది కాబట్టి మోసింది. గాడి పూడ్చి రాతి పట్టీ వేయించాం, అమ్మ ఇప్పుడు శుక్రవారం ఆ పట్టీకే పసుపు రాస్తోంది. కాకపోతే కింద వేలెడు సందుంది, ఏటి గాలితో వాన కొడితే గోనెసంచి అడ్డం పెట్టాల్సిందే.

మీ ఇల్లు గట్టుకి అవతలుంటే కింది ట్రాక్‌తోనే సరిపోవచ్చు. మాలా ఏటి వైపుంటే పైనుంచి వేలాడేదే చూడండి, అదీ వానాకాలంలో ఇంట్లో మనిషి ఉంటేనే. మాకైతే అమ్మ ఎప్పుడూ ఉంటుంది.