తొమ్మిదేళ్ళు వాడాక: పాత అవుట్‌బోర్డ్ మోటారు, దాని త్రాటిల్

పడవ వెనక బిగించే ఈ 25 హెచ్‌పీ, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ మోటారు నా చేతికి వచ్చేనాటికే పాతది. నేను వాడబట్టి తొమ్మిదేళ్ళయింది. ఎంత పెట్రోలు తాగుతుంది, ఎంత చప్పుడు చేస్తుంది అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు దీని మీద ఇంత ఇష్టం త్రాటిల్ వల్ల, అంటే రేస్ పెంచి తగ్గించే ఏర్పాటు వల్ల.

పైమూత తీసి లివర్ కదిలిస్తూ ఒక్కసారి చూడండి. ముందు ఫ్లైవీల్ కింద ఉన్న టైమింగ్ ప్లేటు తిరుగుతుంది, స్పార్కు ముందుకు జరుగుతుంది, అంటే కాస్త ముందే పడుతుంది. ఆ తర్వాతే క్యామ్ (వంపు అంచున్న ముక్క) వచ్చి చిన్న రోలరును తాకుతుంది, కార్బురేటర్‌లో బటర్‌ఫ్లై రేకు తెరుచుకుంటుంది. ముందు నిప్పు, వెనకే గాలి. ఇదంతా కళ్ళెదుటే జరుగుతుంది, వేలితో తాకి చూడొచ్చు. తప్పు ఎక్కడుందో చూపించే యంత్రం అంటే నాకు గౌరవం.

అలాంటి మోటారే నిరుడు కాక ముందటేడు నన్ను రెండు నెలలు తిప్పలు పెట్టింది. లివర్ చివరిదాకా నెట్టినా పడవ ముక్కు పైకెత్తి నీళ్ళను తోసుకుంటూ పోవడమే తప్ప, నీళ్ళ మీదికెక్కి జారడం మానేసింది. 5,000 దాటాల్సిన ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) 3,200 దగ్గర ఆగిపోయేది. ప్లగ్గులు మార్చాను. కార్బురేటర్ రెండుసార్లు విప్పి జెట్లు శుభ్రం చేశాను. పెట్రోలు పంపులో డయాఫ్రమ్ కొత్తది వేశాను. ఒక మెకానిక్ చూసి పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజన్ మొత్తం విప్పాలన్నారు. దాదాపు ఒప్పేసుకున్నాను.

నన్ను ఆపింది ఇంజన్ గొంతు. పెట్రోలు అందని ఇంజన్ దగ్గుతుంది, రేస్ ఇచ్చినప్పుడు ఊపిరాడనట్టు కుంగుతుంది. పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బంతిని నొక్కుతుంటే కాసేపు పుంజుకుంటుంది కూడా. దీనికి దగ్గు లేదు, బంతి నొక్కినా తేడా లేదు. సగం రేస్‌లో నడుస్తున్న మంచి ఇంజన్ ఎలా మోగుతుందో అచ్చం అలాగే మోగుతోంది. సగం రేసే అందుతోందేమో అన్న ఆలోచన అప్పటికి గానీ రాలేదు.

ఇంజన్ ఆపి, కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజన్ ఆగిపోయే తాడు) తీసేసి, మా తమ్ముణ్ణి లివర్ దగ్గర కూర్చోబెట్టాను. గేరుకూ రేస్‌కూ ఒకటే లివర్, ముందు గేరు పడితేనే రేస్ కదులుతుంది. ఆగి ఉన్న ఇంజన్‌కు గేరు పడాలంటే ప్రొపెల్లర్‌ను చేత్తో కాస్త తిప్పాలి. బలవంతంగా నెడితే గేరు కేబుల్ పాడవుతుంది. గేరు పడ్డాక తమ్ముడు మెల్లగా నెట్టాడు. "చివరిదాకా వచ్చేసింది అన్నా, ఇంక పోదు" అన్నాడు. ఇటు నా కళ్ళ ముందు బటర్‌ఫ్లై సగమే తెరుచుకుని ఉంది. వెనక్కి లాగమన్నాను, మళ్ళీ నెట్టమన్నాను. మూడోసారికి కనబడింది. లోపలి తీగతో పాటు కేబుల్ పైతొడుగు కూడా కదులుతోంది! తొడుగును ఇంజన్‌కు పట్టి ఉంచే ఇత్తడి బిళ్ళ తన గాడిలో బొటనవేలంత వెనక్కి జారుతోంది. దాన్ని మూసి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు అడ్డంగా వెంట్రుకవాసి చీలింది. తీగ చేయాల్సిన ప్రయాణంలో సగం తొడుగే తినేస్తోంది.

అయినా అనుమానం తీరక, కేబుల్ పిన్ను తీసి త్రాటిల్ చేతిని నా వేళ్ళతో నెట్టాను. బటర్‌ఫ్లై పూర్తిగా తెరుచుకుంది, స్టాప్ స్క్రూ తన చోట ఆనింది. అంటే ఇంజన్ వైపు ఏ లోపమూ లేదు. క్లిప్పు మార్చిన మర్నాడు ఆర్‌పీఎం 5,100 చూపించింది. రెండు నెలల తర్వాత పడవ నీళ్ళ మీదికెక్కితే నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య వచ్చింది. గట్టు దగ్గర పడుతుండగా లివర్ వెనక్కి లాగుతుంటే బిగుసుకుపోయి రాలేదు, రేస్ తగ్గలేదు. కిల్ స్విచ్ తాడు చేతికి ఉండబట్టి లాగి ఆపేశాను. ఆ తాడు లేకుండా పాత మోటారు నడపకండి, దయచేసి. ఇంజన్ వైపు కేబుల్ విప్పగానే బటర్‌ఫ్లై స్ప్రింగుకు టక్కున మూసుకుంది, లివర్ మాత్రం బిగువుగానే ఉంది. లివర్ ఉండే కంట్రోల్ బాక్సు వైపు కూడా విప్పితే లివర్ హాయిగా తిరిగింది. దోషం కేబుల్‌దే. ఉప్పునీటికి లోపల తుప్పు పట్టింది. అంతకు ముందు నూనె పోసి వదిలించాననుకున్నాను, అది కొన్ని వారాల ఉపశమనమే. బిగిసిన కేబుల్‌ను మార్చడమే సరైన పని. పొడవును పాతదాని దారి వెంటే కొలవాలి, వంపు 8 అంగుళాల వ్యాసార్థం కంటే బిగువుగా ఉండకూడదు. న్యూట్రల్‌లో త్రాటిల్ చేయి స్లో స్టాప్‌ (రేస్ పూర్తిగా తగ్గినప్పుడు అది ఆగే చోటు) మీద కొంచెం ఒత్తిడితో ఆనేలా ఇత్తడి బిళ్ళను తిప్పుకోవాలి. టైమింగ్‌నూ కార్బురేటర్‌నూ కలిపే లింకు పుల్లల పొడవు మాత్రం మార్చకండి. వాటి వరస సర్వీసు పుస్తకంలో ఉంటుంది. స్పార్కు మరీ ముందుకు జరిగితే పిస్టన్‌కే చేటు.

మొదట్లో అడిగినవాళ్ళందరికీ ఈ త్రాటిల్‌కు ఏ సంరక్షణా అక్కర్లేదని చెప్పేవాణ్ణి. ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అంతా కంటికి కనిపిస్తుంది నిజమే, చూసే మనిషి ఉంటేనే. ఇప్పుడు నెలకోసారి మూత తీసి ఇత్తడి బిళ్ళ, నైలాన్ బుష్‌లు, పిన్నులు చూస్తున్నాను. బుష్‌లలో కాస్త వదులు మొదలైంది కూడా.

నేను తేలికపాటి పడవలో, గట్టు కనబడేంత దూరంలోనే తిరుగుతాను, స్పానర్లు పట్టుకోవడం నాకు కష్టమనిపించదు. అందుకే నాకు ఇది సరిపోయింది. రోజూ దూరం పోయేవాళ్ళకు, నలుగురిని ఎక్కించుకునేవాళ్ళకు ఇదే కొనమని చెప్పలేను. నా మటుకు మార్చే ఉద్దేశం లేదు. ఆ ప్లాస్టిక్ క్లిప్పులు రెండు అదనంగా కొని పనిముట్ల పెట్టెలో వేసుకున్నాను.