జపాన్ రైల్వే స్టేషన్లలో సామాను: లాకరు మేలా, ముందే పంపించడం మేలా?

జపాన్‌కు మొదటిసారి వెళ్తున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: టోక్యో నుంచి క్యోటో వెళ్ళిన రోజు, హోటల్ గది చేతికి వచ్చేదాకా పెద్ద సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలి? స్టేషనులో పెద్ద లాకరు రోజుకు సుమారు 700 నుంచి 1,000 యెన్లు. అదే పెట్టెను తక్యూబిన్‌లో, అంటే సామాను చేరవేసే కొరియర్‌లో, ముందే క్యోటోకు పంపిస్తే 2,000 నుంచి 3,000 దాకా అవుతుంది. లాకరే చవక. కానీ ఖాళీగా దొరకాలి కదా!

లాకర్లలో చిన్న తలుపులే ఎక్కువ. పెద్ద సూట్‌కేసు పట్టేవి కొన్నే. చెర్రీ పూలు పూసే రోజుల్లోనూ, ఆకులు ఎర్రబడే నవంబరులోనూ క్యోటోలో అవి ఉదయమే నిండిపోతాయి. కిందటేడాది ఒక స్టేషనులో రెండు పెట్టెలు లాక్కుంటూ ముప్పావు గంట తిరిగాం. మోకాళ్ళ నొప్పితో అమ్మ ఒక మూల కూర్చుండిపోయింది. ఆ పూట చూడాలనుకున్న గుడి చూడనే లేదు. అప్పటినుంచి నేను ధర చూడడం మానేశాను. చోటు ఖాయమా కాదా, అదొక్కటే చూస్తాను.

ఆ భరోసా తక్యూబిన్‌లో ఉంది. హోటల్ కౌంటరులో ఇస్తే చాలు, మరునాటికి క్యోటో హోటల్‌కు చేరుతుంది. కూనను నోట కరచుకున్న నల్ల పిల్లి బొమ్మ గుర్తుగా ఉన్న యమాతో కొరియర్ సంస్థ అందరికీ తెలిసినదే. ఒక రాత్రికి కావలసిన బట్టలు, మందులు, పాస్‌పోర్టు మాత్రం చేతి సంచిలో ఉంచుకోవాలి. ఇంకో లాభం: టోక్యో నుంచి క్యోటో వెళ్ళే బుల్లెట్ రైలు టొకాయిదో షింకాన్‌సెన్‌లో మూడు కొలతలూ కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు ప్రత్యేక సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. లేకుంటే 1,000 యెన్లు కట్టాలి. పెట్టె ముందే వెళ్ళిపోతే ఆ బెంగే ఉండదు.

వీపు సంచికైతే లాకరే హాయి. అయితే టికెట్ గేటు లోపలి లాకరులో పెట్టి బయటికి వెళ్తే, సంచి కోసం మళ్ళీ డబ్బు కట్టి లోపలికి రావాలి. చాలాచోట్ల అర్ధరాత్రి దాటితే రెండో రోజు అద్దె పడుతుంది. సాధారణంగా మూడు రోజులకు మించి ఉంచనివ్వరు. రైలు ప్రయాణాలకు వాడే సుయికా ప్రీపెయిడ్ కార్డుతో లాకరు మూస్తే ఆ కార్డే తాళంచెవి, దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి. లాకరు నంబరూ, పక్కనున్న దారి బోర్డూ ఫోటో తీసుకోండి. టోక్యోలోని షింజుకు లాంటి పెద్ద స్టేషనులో వచ్చిన దారి గుర్తుండదు.

మనుషులు కాపలా ఉండే సామాను కౌంటర్లు కొన్ని పెద్ద స్టేషన్లలో ఉన్నాయి, కానీ రాత్రి మూసేస్తారు. హోటల్ స్టేషను పక్కనే ఉంటే ఇవేవీ అక్కర్లేదు, గది ఇచ్చేలోపు అక్కడే ఉంచుతారు.

తక్యూబిన్ చీటీ మీద హోటల్ బుకింగ్ ఎవరి పేరున ఉందో ఆ పేరే రాయండి, దిగే తేదీ కూడా రాయండి. అక్కడివాళ్ళు పెట్టెను పోల్చుకునేది వాటితోనే.