జేబు రేడియో బాగుంది, కానీ విమానంలో వద్దు

ఈ చిన్న ఎఫ్ఎం రేడియో కొని ఆరు నెలలైంది. మాట స్పష్టంగా వినిపిస్తుంది, బ్యాటరీ చాలా రోజులు వస్తుంది. వంక పెట్టడానికి లేదు. విమానంలో వాడాలని కొనేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి.

కిటికీ సీట్లో కూర్చుని, యాంటెన్నా లాగి, ఇయర్‌ఫోన్ పెట్టుకున్నానో లేదో ఎయిర్‌హోస్టెస్ వచ్చి "సార్, రేడియో ఆపేయండి" అన్నారు. వినడమే కదా, నేనేం ప్రసారం చేయట్లేదుగా అనుకున్నాను. తర్వాత చదివితే అర్థమైంది. ఇలాంటి రిసీవర్ లోపల ఆసిలేటర్, అంటే తనంతట తానే ఒక రేడియో సంకేతాన్ని పుట్టించే చిన్న సర్క్యూట్, ఒకటి పనిచేస్తూ ఉంటుంది. మనం 100 మెగాహెర్ట్జ్ స్టేషన్ పెడితే అది సాధారణంగా 110.7 దగ్గర పనిచేస్తుంది, ఆ సంకేతం కొంచెం బయటికి కారుతుంది. పైలట్లు రన్‌వేకి సూటిగా దిగడానికి నమ్ముకునే లోకలైజర్ సంకేతాలు ఉండేది సరిగ్గా 108 నుంచి 112 మధ్యలోనే! ఆ అమ్మాయి ఆపమనడం ముమ్మాటికీ న్యాయం.

నా కోపమంతా తయారీదారు మీదే. డబ్బా మీద 'ప్రయాణాలకు అనువైనది' అని రాశారు, లోపలి పుస్తకంలో విమానం గురించి ఒక్క ముక్క లేదు. దానికే ఒక స్టార్ తగ్గించాను. మెమరీ కార్డులో పాటలు వినే మీట వేరే ఉంది. ఇప్పుడు సిబ్బందిని అడిగి, విమానంలో అదొక్కటే వాడుతున్నాను.