ఆరేళ్లుగా నడుముకున్న పొట్టి .45

ఈ పిస్టల్ కొనేటప్పుడు నా ధ్యాసంతా తూటా లావు మీదే. చొక్కా కింద కనపడకూడదు, అందులో .45 ఏసీపీ తూటా, అంటే అంగుళంలో .45 వంతు లావుది, పట్టాలి, అంతే లెక్క. ఆరేళ్లు నడుముకు పెట్టుకుని తిరిగాక ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే, తూటా సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ చెయ్యి చూపించు అంటున్నాను.

నా దగ్గరున్నది స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ షీల్డ్, .45లో. 2016లో వచ్చిన మోడల్. బ్యారెల్ 3.3 అంగుళాలు, మందం అంగుళానికి వెంట్రుకవాసి తక్కువ. దీనికి రెండు రకాల మ్యాగజైన్లు, అంటే తూటాలు పేర్చి లోపలికి దోపే పెట్టెలు, ఉన్నాయి. ఆరు తూటాలది పట్టుతో (చేత్తో పట్టుకునే పిడితో) సమంగా ఆగిపోతుంది, ఏడు తూటాలది కాస్త కిందికి దిగుతుంది. ఖాళీగా ఉంటే బరువు ముప్పావు కిలో లోపే.

దీనికి ముందు ఒకటి కొని నాలిక కరుచుకున్నాను. 1911 అనే పాతకాలపు అమెరికా సైనిక పిస్టల్ తరహాలో, మూడంగుళాల బ్యారెల్‌తో చేసిన పిస్టల్ అది. కంపెనీ పేరెందుకులెండి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, చేతిలో పెట్టుకుంటే కిందపెట్టబుద్ధయ్యేది కాదు. కానీ జాన్ బ్రౌనింగ్ ఆ డిజైన్ గీసింది ఐదంగుళాల బ్యారెల్‌కి. దాన్ని కుదించేకొద్దీ స్లైడ్ (పేలినప్పుడు వెనక్కీ ముందుకీ జారే పైభాగం) వెనక్కి వెళ్లే దూరం తగ్గుతుంది, స్ప్రింగ్ గట్టిది వెయ్యాల్సి వస్తుంది, కింది తూటా పైకి లేచేలోపే స్లైడ్ ముందుకొచ్చేస్తుంది. నాది మూడో తూటాకో నాలుగో తూటాకో ముక్కు పైకెత్తి ఇరుక్కుపోయేది. స్ప్రింగ్ మార్చాను, మ్యాగజైన్లు మార్చాను, చివరికి దారిలోకి వచ్చింది. అయినా ఒకసారి మనసు విరిగాక అంతే. ఈసారి పేలుతుందా లేదా అన్న టెన్షన్‌తో నడుముకు మోసేది ఎందుకు? అమ్మేశాను.

గ్లాక్ 30 అనే మరో .45 పిస్టల్ కూడా సాధన చేసే రేంజ్‌లో చాలాసార్లు కాల్చి చూశాను, మా స్నేహితుడిది. పది తూటాలు రెండు వరసల్లో పడతాయి. బరువు ఎక్కువ కాబట్టి షీల్డ్ కంటే మెత్తగా కాలుతుంది. ఇది మాత్రం ఒప్పుకోవాలి. నాకు పెద్ద చేతులుండి, వదులు బట్టలు వేసుకునే అలవాటుంటే అదే తీసుకునేవాణ్ని. అంగుళంపావు పైన ఉన్న ఆ మందం నా సన్నటి నడుముకి సరిపడలేదు.

ఇక షీల్డ్. మొదటి రోజు ఆరు తూటాల మ్యాగజైన్‌తో యాభై కాల్చేసరికి అరచేయి ఎర్రబడింది. గురి మొదటి తూటాకి బాగానే ఉంది, రెండోదానికి కుడి పక్కకీ పైకీ పోతోంది. పక్క లేన్‌లో కాలుస్తున్న పెద్దాయన కాసేపు చూసి అడిగాడు.

“తమ్ముడూ, నీ చిటికెన వేలెక్కడుంది?”

చూసుకుంటే అది సగం పట్టు మీద, సగం గాల్లో ఉంది. పేలిన ప్రతిసారీ పిస్టల్ కింది భాగం ఆ వేలిని తప్పించుకుని చేతిలో మెలితిరుగుతోంది. ప్రతి తూటాకీ నేను పట్టు సర్దుకుంటున్నానన్న సంగతి నాకే తెలియలేదు. ఏడు తూటాల మ్యాగజైన్ పెట్టగానే చిటికెన వేలికి నిలవడానికి చోటు దొరికింది. అప్పుడూ తన్నింది, కానీ తిన్నగా వెనక్కి తన్నింది. గురి చూసే ముందు సైట్ ఎక్కణ్నుంచి లేచిందో అక్కడికే దిగింది. ఒక్క వేలికి అంత తేడా ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ని.

అయితే చిక్కూ అక్కడే వచ్చింది. చొక్కా కింద పిస్టల్‌ని పట్టిచ్చేది పట్టే, బ్యారెల్ కాదు. బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, అది అరంగుళం పొడుగున్నా ఎవరికీ తెలియదు. పట్టు మాత్రం నడుము పైన అడ్డంగా ఉంటుంది. వంగితే దాని కొన చొక్కాని గుడారంలా లేపుతుంది. మరి కంపెనీలన్నీ బ్యారెల్ తగ్గించి ‘దాచుకోవడానికి వీలు’ అంటాయేమిటో! నా మటుకు నాకు బ్యారెల్ కాస్త పొడుగున్నవే నడుముకు బాగా అంటుకుని ఉన్నాయి, పైభాగం బయటికి వాలదు. చివరికి నేను చేసిన ఏర్పాటు ఇది: పిస్టల్‌లో ఏడు తూటాల మ్యాగజైనే ఉంటుంది, చొక్కా ఒక సైజు పెంచాను. ఆరుదాన్ని జేబులో పెట్టుకుంటున్నాను.

పేలినప్పుడు వెనక్కి వచ్చే తన్ను గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. .45 తూటాలోంచి దూసుకెళ్లే మామూలు గుండు 230 గ్రెయిన్లు, అంటే దాదాపు 15 గ్రాములు. నిదానంగా పోతుంది, పూర్తి సైజు పిస్టల్లో కూడా సెకనుకి 255 మీటర్ల దగ్గరే. దెబ్బ చెంపదెబ్బలా చురుక్కుమనదు, భుజం పట్టి నెట్టినట్టుంటుంది. నన్ను ఇబ్బంది పెట్టింది అలసట. వంద తూటాలయ్యాక మణికట్టు సడలుతుంది, సడలితే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు, ఖాళీ కేసు (గుండు పోగా మిగిలిన ఇత్తడి గొట్టం) మధ్యలో ఇరుక్కుంటుంది. మూడు వేల పైచిలుకు తూటాల్లో నాకు రెండుసార్లు ఆగింది. రెండూ సాధన చివర్లోనే, రెండింటికీ కారణం నా చెయ్యే. ఇప్పుడు ఒక పూటకి అరవై దాటను.

మోయడంలో ఎవరూ ముందు చెప్పని పని ఒకటుంది. ఇంటికి రాగానే ఖాళీ చేసి పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. పొద్దున్నే మళ్లీ నింపుతాను. అంటే రోజూ అదే పై తూటా చేంబర్‌లోకి, అంటే పేలడానికి సిద్ధంగా కూర్చునే గదిలోకి, ఎక్కి దిగుతోంది. మూడు నెలలు గడిచాక ఒక రాత్రి ఆ తూటాని కొత్త తూటా పక్కన బల్ల మీద నిలబెట్టాను. పొట్టిగా ఉంది! చేంబర్‌లోకి ఎక్కే ఏటవాలు ర్యాంప్‌కి కొట్టుకుని కొట్టుకుని గుండు ఇత్తడి కేసు లోపలికి దిగిపోయింది. లోపల చోటు తగ్గితే మందు కాలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, అలాంటిది పేల్చకూడదు. అప్పట్నుంచి చేంబర్‌లోకి వెళ్లొచ్చిన తూటాకి స్కెచ్ పెన్నుతో అడుగున ఒక గీత పెడతాను. రెండు గీతలు పడితే అది పక్కకి పోతుంది. పైగా హోల్‌స్టర్‌లో (నడుముకు కట్టుకునే పిస్టల్ ఒరలో) ఉండగా బట్టల నూగు బ్యారెల్ మూతి దగ్గరా వెనక సైట్ పక్కనా పేరుకుంటుంది, వారానికోసారి పొడి బ్రష్ తప్పదు. చెమట పట్టే నెలల్లో మ్యాగజైన్ అడుగునా, హోల్‌స్టర్ మరల మీదా సన్నటి తుప్పు చుక్కలు చూశాను. నూనె గుడ్డతో తుడిస్తే పోయాయి. పట్టు మీది గరుకు కాల్చేటప్పుడు దేవుడు, చర్మానికి తగిలితే మాత్రం గీరుతుంది. లోపల బనియన్ ఉండాల్సిందే.

హోల్‌స్టర్ విషయంలో పిసినారితనం పనికిరాదు. ట్రిగ్గర్ గార్డ్ మొత్తం మూసే కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది కావాలి. మెత్తటి బట్టది నోరు ముడుచుకుంటుంది, తిరిగి దోపేటప్పుడు మడత ట్రిగ్గర్ మీదికి రావచ్చు. పిస్టల్ తియ్యడంలో తొందర నేర్చుకోండి, పెట్టడంలో మాత్రం కిందికి చూసి నెమ్మదిగా పెట్టండి.

ఇక తూటా లావు. గుండు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, 9 ఎంఎంతో పోలిస్తే రెండున్నర ఎక్కువ. కానీ హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉండే గుండు) పువ్వులా విచ్చుకోవాలంటే వేగం కావాలి, పొట్టి బ్యారెల్ ఆ వేగాన్నే తినేస్తుంది. అసలే నిదానం మనిషికి కాళ్లు కట్టేసినట్టు. అందుకే పొట్టి బ్యారెళ్ల కోసం చేసిన రకం వాడుతున్నాను. ఎఫ్‌బీఐ వాళ్లు పరీక్షించే జెల్‌లో తూటా 12 నుంచి 18 అంగుళాల లోతు దిగాలని చూస్తారు. ఈ రోజుల్లో మంచి 9 ఎంఎం తూటాలు ఆ పని చేస్తున్నాయి. వాళ్లే ఈ రెండింటికీ మధ్య లావుండే .40 తూటా వదిలి 9కి తిరిగొచ్చారు. అంతే సైజు పిస్టల్లో ఒకట్రెండు తూటాలు ఎక్కువ పడతాయి, తన్ను తక్కువ, సాధన ఖర్చూ తక్కువ. కాబట్టి ఈ రోజు కొత్తగా కొనాలంటే నేను .45 తీసుకోను.

మరి నాదెందుకు అమ్మలేదంటే, ఆరేళ్లలో చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. ఏడు గజాల దగ్గర ఏడు తూటాలూ అరచేయంత చోట పడుతున్నాయి. అది మళ్లీ మొదటి నుంచి నేర్చుకునే ఓపిక నాకు లేదు.

వచ్చే ఆదివారం మా బామ్మర్ది రేంజ్‌కి వస్తానన్నాడు. లైసెన్స్ వచ్చిన దగ్గర్నుంచి “బావా, నాకూ .45 కావాలి” అని ఒకటే పాట. ముందు ఆరు తూటాల మ్యాగజైన్ పెట్టి చేతికిస్తాను. చిటికెన వేలు గురించి మాత్రం నేనుగా చెప్పను, ఎన్ని తూటాలకి తనే అడుగుతాడో చూడాలి.